గ్యాస్ కాదు, ముందు రింగు చూడండి

ఎండలు మొదలైతే హిందూపురం కార్ ఏసీ షెడ్లలో ఒకటే మాట: "అన్నా, గ్యాస్ కొట్టు." ఆ మాట వింటే నాకు చిరాకు. పెట్రోలు మండి అయిపోతుంది, ఏసీలో మాత్రం ఉన్న గ్యాసే తిరుగుతూ ఉంటుంది. ఏళ్ల మీద రబ్బరు పైపుల గుండా కొంచెం జారిపోవడం వేరు. ఏటా తగ్గుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. చాలాసార్లు అది జాయింటులోని రబ్బరు ఓ-రింగు దగ్గరే.

మొన్న పెనుకొండలో ఒక మెకానిక్ కండెన్సర్ జాయింటు విప్పాడు. చుట్టూ నూనె జిడ్డు, దాని మీద అట్టకట్టిన దుమ్ము. గ్యాస్‌తో పాటే నూనె కూడా బయటికొస్తుంది మరి. లోపలి రింగు ఒకవైపు నొక్కుకుపోయింది, వంచితే సన్నటి పగుళ్లు. "కొలత సరిపోయిందని ఏదో ఒకటి వేసినారు సార్," అన్నాడు.

కొలత ఒక్కటే చాలదు. పాత కార్లలో ఆర్-12 గ్యాస్, మినరల్ ఆయిల్, నైట్రైల్ రబ్బరు ఉండేవి. ఓజోన్ పొరకు చేటని ఆ జాతి సీఎఫ్‌సీల తయారీని మన దేశం, ఇన్‌హేలర్ల అవసరానికి తప్ప, 2008 ఆగస్టు 1న ఆపేసింది. తర్వాత నిలిచిన ఆర్-134ఏ మినరల్ ఆయిల్‌తో కలవదు, దానికి పాగ్ ఆయిల్ కావాలి. రబ్బరు కూడా మారి హెచ్‌ఎన్‌బీఆర్ వచ్చింది, ఎక్కువగా పచ్చ రంగులో. రంగును మాత్రం నమ్మకండి, అది ఏ రబ్బరుకైనా వేయొచ్చు.

ఖరీదైనది వేసినా కుదరదు. పెట్రోలుకూ వేడికీ బాగా ఓర్చుకునే వైటాన్ రబ్బరు, ఆర్-134ఏ తగిలితే ఉబ్బుతుంది. ఈపీడీఎం రబ్బరు ఆ గ్యాసుకూ పాగ్‌కూ తట్టుకుంటుంది గానీ పాత మినరల్ ఆయిల్ మిగిలి ఉంటే అదీ ఉబ్బుతుంది. ఇదీ బట్టకు రంగు అద్దడం లాంటిదే: ధర్మవరం అద్దకం పనివాళ్లను అడగండి, పట్టుకు పట్టే రంగు నూలుకు నిలవదంటారు.

ఎర్రమంచి కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. ఏ జాయింటుకు ఏ రింగో అక్కడ డ్రాయింగులోనే తేలిపోతుంది. వారంటీ అయిపోయి బండి బయటి షెడ్డుకొచ్చాకే కలగాపులగం రింగుల డబ్బాతో పని.

షెడ్డుకెళ్తే గ్యాస్ ఎక్కించే ముందు లీకు వెతకమనండి. విప్పిన జాయింటుకు పాత రింగు మళ్లీ పెట్టనివ్వకండి. కొత్తదానికి ఏసీ నూనె రాసి ఎక్కించమనండి, పొడిగా తోస్తే మెలితిరుగుతుంది. బానెట్ కింది లేబుల్ మీద గ్యాస్ పేరు, ఎంత పట్టాలో రాసి ఉంటుంది. దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి.