దేనిని ఒక్కటిగా లెక్కింతుము?

సమాజమును పరిశీలింప పూనినవారు మొదట తేల్చుకొనవలసిన ప్రశ్న యొకటి కలదు: దేనిని ఒక్కటిగా లెక్కింపవలెను? వ్యక్తినా, కుటుంబమునా, కులమునా, గ్రామమునా? ఇది పండితుల ప్రశ్నగా తోచవచ్చును. కాని తుంబలహళ్లి వంటి యూళ్ల పరిసరములందు స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇది బడి గడపకడనే ఎదురగుచున్నది.

1955లో వెలువడిన ఎస్. సి. దూబే గారి 'ఇండియన్ విలేజ్' తెలుగు గ్రామమును శాస్త్రీయముగా చిత్రించిన ప్రసిద్ధ గ్రంథము. హైదరాబాదు సమీపమునగల షామీర్‌పేటను పరిశోధించి, అచటి కులవృత్తులను, కుటుంబజీవనమును, పండుగలను ఆయన ఒక్కచోట చూపిరి. ఏ గ్రామమును పూర్తిగా స్వతంత్రము కాదని ఆయనయే అంగీకరించిరి. అయినను గ్రంథమునకు ప్రమాణము గ్రామమే. ఇంటిమాటయు ఊరిమాటయు పెక్కుమందికి ఒక్కటైన చోట ఇది చాలవరకు సరిపోవును.

మన సంగతి వేరు. తుంబలహళ్లి పేరులోని 'హళ్లి' కన్నడము, పరిపాలనము తమిళము, మన యింటిమాట తెలుగు. ఊరినే ప్రమాణముగా గైకొన్నచో మనము ఒక మూలనున్న కొన్ని ఇండ్లము మాత్రమే. ఇరావతీ కర్వే గారు 1953లో బంధుత్వవ్యవస్థపై వెలువరించిన గ్రంథమున భాషాప్రాంతమును, కులమును, కుటుంబమును కలిపి చూడవలెననిరి. ఈ చూపు మనకు సన్నిహితము. శుభలేఖ పోవు దారియే పెక్కిండ్లకు సమాజపు ఎల్ల. అయితే దీనికిని లోపము కలదు: సామాన్యముగా వియ్యము కులము దాటదు గనుక, తెలుగే మాటలాడు పొరుగింటివారు ఆ లెక్కలోనికి రారు.

ప్రమాణభేదము వలన కలుగు నష్టము చూడుడు. తరగతికి 10 మందిగాని, పాఠశాలకు 40 మందిగాని పిల్లలున్నచో ప్రాథమికవిద్య మాతృభాషలో నేర్పవలెనని 1949లో విద్యామంత్రుల సమావేశము నిర్ణయించినది. 1956లో రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేరినది. ఉద్దేశము ఉదారమే, కాని లెక్క బడిబడికిని వేరు. ఐదూళ్లలో ఊరికి 9 మంది తెలుగు పిల్లలున్నారనుకొందము. ఏ బడిలోను ఆ సంఖ్య చాలదు. ఐదూళ్లు కలిపిన 45 మంది. పిల్లలు వారే, మారినది ప్రమాణమే.

కావున దూబే గారి పద్ధతిని మేము నిరాకరించుట లేదు. ప్రశ్ననుబట్టి ప్రమాణము మారవలెననుచున్నాము. పంటకు ఊరు, పెండ్లికి బంధువర్గము, భాషకు ఆ భాష మాటలాడుకొను ఇండ్ల సముదాయము. జనాభా లెక్కలలో మాతృభాష మనిషి మనిషికిని వేరుగా వ్రాయబడును. మనము చెప్పని మాట ఏ ప్రమాణమునకును అందదు.