నూరులోంచి ఏడు

ఈ వారం మా గొలుగొండలో ఓ సర్వే బృందం దిగింది. పెద్దవాళ్ల జ్ఞాపకశక్తి ఎలా ఉందో చూస్తారట. మా వీధి మామ్మను అరుగు మీద కూర్చోబెట్టి, "నూరులోంచి ఏడు తీసేస్తే ఎంత?" అని అడిగాడో కుర్రాడు. "ఎవరికిచ్చావు బాబూ ఆ ఏడూ?" అందావిడ. అతను ట్యాబులో తప్పు నొక్కేశాడు. నాకు ఒళ్లు మండింది.

నాదో పాత పాట ఉంది. మోకాలికో డాక్టరు, కంటికో డాక్టరు, మతిమరుపుకో డాక్టరు. మనిషి మొత్తాన్ని చూసేవాడు లేడు, సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగిన వెనకటి డాక్టరే నయం అంటుంటాను. ఈసారీ అదే రాద్దామని కూర్చుంటే హైదరాబాదులో జరిగిన ఓ పరిశోధన సంగతి అడ్డొచ్చింది. ఆ కథకి మొదలు టొరంటోలో ఉంది.

రెండు భాషలు మాట్లాడేవాళ్లకి డిమెన్షియా అనే మతిమరుపు జబ్బు నాలుగేళ్లు ఆలస్యంగా వస్తోందని 2007లో టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం చెప్పింది. వెంటనే పేచీ మొదలైంది. అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు. మరి ఆ ఆలస్యం భాష చలవా, వలస చలవా? చదువుదేమో?

ఆ చిక్కు విప్పడానికి హైదరాబాదుకి మించిన ఊరేది? వలసపోకుండానే తెలుగూ, దక్కనీ, హిందీ నోట్లో నానే ఊరు. అప్పట్లో నిమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజిస్టుగా ఉన్న సువర్ణ అల్లాడి, ఉస్మానియాలో భాషాశాస్త్రం చెప్పిన దుగ్గిరాల వసంత, ఎడింబరో నుంచి థామస్ బాక్, మరికొందరూ కలిసి 648 మంది రోగుల వివరాలు చూసి 2013లో ప్రచురించారు. రెండు భాషలవాళ్లకి జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యం. బడి మొహం చూడనివాళ్లలోనైతే ఆరేళ్లు! మూడో భాష వల్ల అదనపు లాభమేమీ కనబడలేదు.

ఇంతకీ రెండు భాషలు వచ్చినవాళ్లంటే ఎవరు? రాయడం, చదవడం రావాలంటే మా మామ్మకి ఒక్క భాషా రానట్టే. ఆ బృందం పట్టుకున్న కొలబద్ద అజిత్ మహంతిది. ఒడిశా కోంధు ఆదివాసుల మధ్య పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆయన. నీ అవసరాలూ, నలుగురితో వ్యవహారమూ ఆ భాషల్లో గడుస్తున్నాయా అన్నదే చూస్తుందది.

మామ్మకి ఎందుకు గడవవు! పాడేరు వైపు సంతలకి చిన్నప్పుడు నన్నూ తీసుకెళ్లేది. కొండవాళ్లు తెచ్చిన పసుపూ, చింతపండూ, అడ్డాకులూ ముందేసుకుని ఆదివాసీ ఒడియాలో బేరమాడేది, తెలుగులో లెక్క కట్టేది. నలుగురి బాకీలు నోటిమీదే ఉండేవి, కాగితమ్ముక్క లేదు. తూకంలో మోసం దొరికితే రెండు భాషల్లోనూ సరుకు ఉండేది గానీ, అసలు తిట్లు తెలుగులోవే. ఒకసారి బేరం తెగక మధ్యాహ్నం దాకా కూర్చుని, చివరికి ఆ అమ్మినావిడ తెచ్చుకున్న అంబలే ఇద్దరూ పంచుకుని తాగారు. పసుపు మాత్రం కొనలేదు.

సైకిలు డాక్టరైతే భాషకీ జబ్బుకీ ఉన్న ఈ లంకె కనిపెట్టేవాడా? మామ్మను పేరుపెట్టి పలకరించేవాడు, నిజమే. కానీ ఆయన మాటకి ఎదురాడేవాడు ఊళ్లో లేడు. అక్కడ టొరంటోవాళ్ల లెక్కని పదిమంది ప్రశ్నించారు కాబట్టే ఇక్కడి సంగతి బయటపడింది. నాకిప్పుడు డాక్టర్లు తగ్గడం కాదు, ఒకరి ప్రశ్నను ఒకరు తప్పుపట్టేవాళ్లు మరికొందరు కావాలనిపిస్తోంది.

నిమ్స్ లెక్కలోనూ ఓ వెలితి ఉంది. ఆసుపత్రికి ఎవరో ఒకరు తీసుకొచ్చినవాళ్లే అందులో ఉన్నారు. మతిమరుపుకని ముసలాళ్లని మా ఊరినుంచి ఎవరు తీసుకెళ్తారు? అందుకే లాసీ లాంటి ఇంటింటి అధ్యయనాలూ కావాలి. ఆ లాసీ సర్వే కోసం 2017-18లో ముంబయి జనాభా సంస్థ, హార్వర్డ్, సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు కలిసి దేశమంతా 72 వేలమందిని పలకరించాయి. అంటే ట్యాబు పట్టుకున్న కుర్రాడూ రావాల్సిందే. కాకపోతే పక్కన మా ఆశా కార్యకర్తకీ ఓ కుర్చీ వెయ్యమంటాను. ఫలానా తాతకి మతి బాగానే ఉంది, ఎడమచెవే వినపడదు, కుడివైపు కూర్చుని అడగండి అని చెప్పగలిగేది ఆమే.