రోజుకు రెండే పాటలు

మా ఆదోనిలో బట్టలకొట్టుకు వెళ్తే చీరలకంటే ముందు నా చూపు కట్‌పీసుల బుట్టమీద పడుతుంది. "ఎందుకా ముక్కలు!" అని మావారి విసుగు. జాకెట్టు కుట్టించుకునేవాళ్లకు కదండీ వాటి విలువ తెలిసేది!

ఈమధ్య పాటల విషయంలోనూ ఆ బుట్టే గుర్తొచ్చింది. సినిమాల్లో లేకుండా, విడి గ్రామఫోను రికార్డులుగా వచ్చిన సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి లలితగీతాలను సేకర్తలు పోగుచేసి వరసగా వినిపిస్తున్నారు. ఇలాంటివి రాగానే రసికులు రెండు జట్లవుతారు. "దొరకనివి కాబట్టి అన్నీ బంగారమే" అంటారు కొందరు. "1951లో వచ్చిన 'మల్లీశ్వరి'కి ఇవి తొలి అడుగులు, అంతే" అంటారు మరికొందరు. మా అమ్మాయి మాత్రం, "అన్నీ ఒకేలా ఉన్నాయమ్మా!" అనేసింది. నిజం చెప్పొద్దూ, పదోపాట దగ్గర నాకూ అలాగే అనిపించింది.

ఎమ్మిగనూరు వెళ్లినప్పుడు మా అవ్వతో ఆ మాటే అన్నాను. అవ్వ నవ్వింది.

"పది పాటలు ఒకేతూరి ఎవరు విన్యారే? మా ఇంట్లో ఉండింది ఒకే ప్లేటు. ఈపక్క ఒక పాట, ఆపక్క ఒక పాట. మధ్యాన్నం మగ్గాల చప్పుడు ఆగినాక పెట్టుకుంటాంటిమి. అది జారిపడి పగిలిన పొద్దు నాకు అన్నం దిగలేదు."

అప్పుడు తెలిసింది, లోపం పాటల్లో కాదు, మనం వినే తీరులో ఉందని.

ఆ ప్లేట్లు లక్కతో చేసినవి. పక్కకు మూడు నిమిషాలు, కాస్త అటూఇటూ. అంతలోనే పాట మొదలై, మనసును తాకి, ముగిసిపోవాలి. వెనక కథ లేదు, తెరమీద నాయిక లేదు. అందుకే వాద్యాలు తగ్గి గొంతు ముందుకొస్తుంది. బాలసరస్వతి పాడితే పక్కన కూర్చుని చెప్పుకున్నట్టే ఉంటుంది. అలాగని అన్నీ మేలిమివని నేననను. కొన్నింట్లో సాహిత్యం సాదాసీదా. రాజేశ్వరరావు పాడిన కొన్నింటికి సైగల్ గాలి కాస్త ఎక్కువగానే సోకింది.

ఈ చిక్కు మన తెలుగు పాటలకే కాదు. గ్లాస్గో నగరానికి చెందిన 'బెల్ అండ్ సెబాస్టియన్' బృందం 1997 నుంచి 2001 దాకా తెచ్చిన ఏడు చిన్న రికార్డులను 2005లో ఒకచోట చేర్చి వేశారు. మొత్తం 25 పాటలు. అవి పెద్ద ఆల్బముల్లో మిగిలిపోయిన తుక్కు కాదు, చాలావరకు ఆ చిన్న రికార్డుల కోసమే ఉంచుకున్నవి. విమర్శకులు మెచ్చుకున్నారు కూడా. అయినా ఒక్క ఊపున వింటే పాతికా కలగాపులగమే. మూడూ నాలుగూ చొప్పున విన్నాకే నాకు రుచి తెలిసింది.

రాజేశ్వరరావు 1999లో వెళ్లిపోయారు, బాలసరస్వతి 2025లో. ఇక కొత్త పాట రాదు. ఉన్నవాటినైనా తీరిగ్గా వినొద్దూ? ఇప్పుడు మా ఇంట్లో రోజుకు రెండే పాటలు. నిన్న మా అమ్మాయే ఒకదాన్ని మళ్లీ పెట్టమంది.

అన్నట్టు, అవ్వ పోగొట్టుకున్న పాట ఆ సేకరణలో ఉంది. వినిపించాను. కళ్లు మూసుకుని వింటూ మధ్యలో ఉలిక్కిపడింది.

"ఈడ గరగరమని ఒక గీత ఉండాల కదే, ఏమాయె?"