ఎర్ర ఫిల్టరూ, నీలం కోటూ

వస్తువా, శిల్పమా అన్న మన పాత చర్చ ఫోటోలకూ వర్తిస్తుంది. అమీర్‌పేట, పంజగుట్టల మధ్య రోడ్ల పక్కనున్న విగ్రహాలను నలుపు తెలుపుల్లో తీసి, ఒక మిత్రుడు ఈమధ్య నాకు చూపించాడు. దాదాపు ప్రతి ఫోటోలోనూ కెమెరా నేలబారున ఉంది. ఎర్ర ఫిల్టరు వల్ల నీలాకాశం నల్లబడి, మబ్బులు తెల్లగా ఉబికివచ్చాయి. చూడగానే ఒళ్ళు గగుర్పొడిచిన మాట నిజం.

అయితే ఆ గగుర్పాటు కోసం ఏమేమి పోగొట్టుకున్నాం? మెట్రో స్తంభాలూ, ఫ్లెక్సీలూ, దిమ్మె నీడన కునుకు తీసే కూలీలూ చట్రం బయటే ఉండిపోయారు. అంబేద్కర్ కోటూ నల్లబడింది. ఎర్ర ఫిల్టరు నీలాన్ని మింగేస్తుంది. ఆ నీలమేమో దళిత ఉద్యమం తన జెండాకు ఎంచుకున్న రంగు.

ఆ రంగు వెనుక ఎంత పెనుగులాట ఉందో పంజగుట్టకు తెలుసు. ఆ కూడలిలో నిలిపిన అంబేద్కర్ విగ్రహాన్ని 2019 ఏప్రిల్ 13న, జయంతికి ముందురోజున, అనుమతి లేదని తొలగించారు. విరిగిన విగ్రహం జవహర్‌నగర్ చెత్త యార్డుకు చేరింది. నేలమీద పడివున్న విగ్రహానికి నేలబారు కోణం ఏ గాంభీర్యం ఇవ్వగలదు?

నలుపు తెలుపులను నేను నిరాకరించడం లేదు. అదే మిత్రుని ఫోటో ఒకటుంది: దిమ్మె మెట్టు మీద టీ గ్లాసుతో రోడ్లూడ్చే అమ్మ, వెనుక విగ్రహం పాదాలు మాత్రమే. అక్కడ వెలుగునీడలు వస్తువుకు ఊడిగం చేశాయి.

ఎర్ర ఫిల్టర్లు మన కవిత్వంలోనూ ఉన్నాయి. నాయకుణ్ణి ఆకాశానికెత్తే ముందు కవి ఒకసారి దిమ్మె చుట్టూ తిరిగి రావాలి.