చెవిటి బిడ్డయు మన సామెతయు

“చెవిటివాని ముందు శంఖమూదినట్లు” అను సామెతను మనము తరచుగా వాడుచుందుము. వినబడకపోవుటయు తెలియకపోవుటయు ఒకటే యని దాని భావము. మన నాటకములలోను చిత్రములలోను చెవిటి పాత్ర చాలకాలము నవ్వుల కొఱకే వచ్చినది. ఒకటి యడిగిన వేఱొకటి చెప్పుట దాని పని. 2018లో వచ్చిన సుకుమార్ గారి ‘రంగస్థలం’ చిత్రము ఈ వాడుకను కొంత దాటినది. అందు చిట్టిబాబు చెవుడు హాస్యముతో నారంభమైనను కథకు ప్రాణమైనది. అయినను చిట్టిబాబునకు తెలుగు మాట వచ్చును. పుట్టు చెవుడు వలన ఏ భాషయు అందని బిడ్డ మన కథలలో మిక్కిలి అరుదు.

మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు పిల్లలకొక చిన్న కథ చూపుదురు. ఒక బాలిక బంతిని బుట్టలో దాచి బయటకు పోవును. వేఱొకతె దానిని పెట్టెలోనికి మార్చును. తిరిగి వచ్చిన బాలిక ఎచట వెదకును? 4, 5 ఏండ్ల పిల్లలు పెక్కుమంది బుట్టలోనని చెప్పుదురు. అనగా ఎదుటివారి తలంపు తమ తలంపునకు భిన్నముగ నుండవచ్చునని గ్రహింతురు. ఆస్ట్రేలియాలో పీటర్సన్, సీగల్ అనువారు 1995లో ప్రకటించిన పరిశోధనలో, 8 ఏండ్లు దాటిన చెవిటి పిల్లలును పెక్కుమంది తప్పు చెప్పిరి. కాని చెవిటి తలిదండ్రుల యింట పుట్టి, పసితనము నుండి సంజ్ఞాభాషలో మాటాడుకొనిన పిల్లలు తక్కిన పిల్లల యీడుననే సరిగా చెప్పుదురని తరువాతి పరిశోధనలు తేల్చినవి. కావున లోపము చెవిలో లేదు. సంభాషణ లేమిలో నున్నది.

సిరవార ప్రాంతపు మన కుటుంబములకు ఈ విషయము పరాయిది కాదు. తుంగభద్ర ఎడమ కాలువ నీటి వెంట వచ్చి స్థిరపడిన మనకు ఇంట తెలుగు, బజారున కన్నడము. పిల్లలు తెలుగు మఱచిపోవుదురేమోయని మనము బెంగపడుచున్నాము. రెండు భాషల నడుమ నుండియు ఒక భాషయు అందని బిడ్డను గూర్చి యెన్నడైన తలచితిమా? అన్నము, నీరు, రమ్ము అను సైగలు అవసరమును తీర్చును. తాతగారు ఎందుకు కోపించిరి, మేనమామ ఏమనుకొని రాకపోయెను, ఇంటిల్లిపాది ఎందుకు నవ్వినది—ఇవి ఆ సైగలకందవు. బిడ్డ అడిగినపుడు తరువాత చెప్పెదమని చేయి విదిలించిన వారము మనమే. పిదప మొండివాడని నిందించిన వారమును మనమే.

1880లో మిలాను మహాసభ బడులలో సంజ్ఞలను త్రోసివేసి నోటిమాటకే పట్టము గట్టినది. ఆ తీర్పు వలన పెక్కు తరముల పిల్లలు నష్టపోయిరి. మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సంజ్ఞాభాషకు చోటిచ్చినది. 2018లో 3,000 పదముల భారతీయ సంజ్ఞాభాషా నిఘంటువు వెలువడినది. వినికిడి యంత్రము పనికివచ్చుచోట తప్పక వాడవలెను. కాని యంత్రము పెట్టి ఊరకుండరాదు. తల్లియు, తండ్రియు, తోబుట్టువులును సంజ్ఞలు నేర్చి బిడ్డతో కబుర్లు చెప్పవలెను.

శంఖము వినలేదని చెవిటివానిని నవ్వుట సులభము. చేతితో చెప్పనేర్వక శంఖమే యూదినవాని దోషమును మన సామెత చెప్పలేదు. ఆ దోషమును మన యిండ్లలోనైనను దిద్దుకొందము.