రింగు దగ్గర ఇద్దరు పొడగరులు

2017 ఏప్రిల్ 3న అరిజోనాలోని గ్లెండేల్‌లో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్ జరిగింది. ఆ రాత్రి నార్త్ కరోలినా జట్టు మూడు పాయింట్ల గీత బయటి నుంచి 27 సార్లు గురిపెట్టింది. నాలుగే పడ్డాయి. దూరపు షాట్లదే రాజ్యమని ఆట లోకమంతా నమ్ముతున్న రోజులవి. ఆ లెక్కన ఆ జట్టు చిత్తుగా ఓడాలి. కానీ గొంజాగా మీద 71-65తో నెగ్గి టైటిల్ పట్టుకుపోయింది.

ఆఖరి అర నిమిషం చూస్తే ఆ గెలుపు ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుస్తుంది. 26 సెకన్లు మిగిలి ఉండగా ఐసయా హిక్స్ రింగు వైపు దూసుకెళ్లి, ఒళ్లు ఒరిగిపోతుండగానే బంతిని లోపల వేశాడు. ఆధిక్యం మూడు పాయింట్లకు చేరింది. వెంటనే గొంజాగా గార్డు నైజెల్ విలియమ్స్-గాస్ వేసిన షాట్‌ను కెన్నెడీ మీక్స్ గాలిలోనే ఆపేశాడు. ఆ బంతితో జస్టిన్ జాక్సన్ అవతలి రింగుకు పరుగెత్తి డంక్ చేశాడు. హిక్స్, మీక్స్ ఇద్దరూ ఆ జట్టులో రింగు దగ్గర ఆడే పొడగరులు. రెండు రోజుల ముందు సెమీఫైనల్లో ఓరెగాన్ మీద 77-76తో గట్టెక్కినప్పుడు కూడా మీక్స్ ఆదుకున్నాడు. చివరి ఆరు సెకన్లలో కరోలినా ఆటగాళ్లు వరుసగా నాలుగు ఫ్రీ త్రోలు పోగొట్టారు. అయినా రెండుసార్లూ తప్పిన బంతి వాళ్ల చేతికే తిరిగొచ్చింది. రెండోసారి దాన్ని ఒడిసిపట్టింది మీక్సే. ఆ ఒక్క మ్యాచ్‌లో అతనివి 25 పాయింట్లు, 14 రీబౌండ్లు.

ఐదుగురిలో ఇద్దరు పొడగరులుండాలన్న పట్టుదల ఆ జట్టు కోచ్ రాయ్ విలియమ్స్‌ది. అది ఆయన సొంతంగా కనిపెట్టింది కాదు. పదేళ్లు అక్కడి పాత కోచ్ డీన్ స్మిత్ దగ్గర అసిస్టెంటుగా ఉండి నేర్చుకున్నది. స్మిత్ కాన్సస్ యూనివర్సిటీలో ఫాగ్ ఆలెన్ శిష్యుడు, 1952లో టైటిల్ గెలిచిన జట్టులో ఆటగాడు. ఆలెన్ అదే కాన్సస్‌లో జేమ్స్ నైస్మిత్ దగ్గర ఆడినవాడు. 1891లో బాస్కెట్‌బాల్‌ను సృష్టించిన నైస్మిత్ ఈయనే. సంగీతంలోలా ఆటలో గురుశిష్య పరంపర ఇంత స్పష్టంగా కనిపించడం అరుదు. 1982లో స్మిత్ టైటిల్ గెలిచిన రాత్రి మైకేల్ జోర్డన్ 17 సెకన్లుండగా వేసిన షాట్‌నే లోకం గుర్తుపెట్టుకుంది. జార్జ్‌టౌన్ మీద 63-62తో ముగిసిన ఆ మ్యాచ్‌లో జేమ్స్ వర్తీ 28 పాయింట్లు చేశాడు. అతని పక్కన సామ్ పెర్కిన్స్ ఉన్నాడు. అవతల పాట్రిక్ ఈవింగ్ లాంటి కొండ నిలబడి ఉన్నా రింగు దగ్గరికి వెళ్లడానికి స్మిత్ జట్టు వెనకాడలేదంటే, అక్కడ ఇద్దరుండబట్టే.

ఈ పద్ధతికి పునాది హై-లో. ఒక పొడగరి రింగు పక్కన, పెయింట్ అని పిలిచే రింగు ముందు చోటు అంచున నిలబడతాడు. అది లో పోస్ట్. రెండోవాడు బోర్డుకు 15 అడుగుల దూరంలో ఫ్రీ త్రో గీత దగ్గరికి వస్తాడు. అది హై పోస్ట్. పైకి కనిపించేది ఇంతే. అసలు విషయం డిఫెండర్లకు వచ్చిపడే ఇరకాటంలో ఉంది.

లో పోస్ట్‌లో ఉన్నవాడు బలవంతుడైతే, అతనికి బంతి అందకుండా డిఫెండర్ అతనికీ బంతికీ మధ్య అడ్డం వచ్చి నిలబడతాడు. ఇక పక్క గీత దగ్గరున్న గార్డు ఆ డిఫెండర్ తల మీదుగా బంతి ఎగరేయాల్సిందే. ఎగరేస్తే, వెనక కాపు కాసిన ఇంకో డిఫెండర్ వచ్చి లాక్కుపోతాడు. ఆ కాపలావాడు సాధారణంగా అవతలి జట్టులోని రెండో పొడగరే. కాబట్టి చేయాల్సిన మొదటి పని అతన్ని అక్కణ్నుంచి కదిలించడం. హై పోస్ట్‌కు మనవాడొకడు వస్తే వాడి వెంట ఆ కాపలావాడూ రావాలి. రాకపోతే మనవాడు ఫ్రీ త్రో గీత దగ్గర తీరిగ్గా బంతి అందుకుంటాడు. వస్తే రింగు దగ్గర ఇల్లు ఖాళీ. ఇప్పుడు గార్డు బంతిని హై పోస్ట్‌కు ఇస్తాడు. బంతి ఉన్న చోటు మారగానే, ఇంతసేపూ అడ్డంగా నిలబడ్డ డిఫెండర్ తప్పు వైపున మిగిలిపోతాడు. లో పోస్ట్ ఆటగాడు అతన్ని నడుముతో, వీపుతో అక్కడే అదిమిపెట్టి, చెయ్యి రింగు వైపు చాస్తాడు. పై నుంచి పాస్ నేరుగా ఆ చేతిలో పడుతుంది.

అదిమిపెట్టడాన్ని ఆటగాళ్లు సీల్ అంటారు. అందులో ఉండే కష్టం టీవీలో కనిపించదు. పెయింట్‌లో మూడు సెకన్లకు మించి నిలబడకూడదని నిబంధన. ముందే సీల్ చేస్తే గడువు దాటిపోతుంది, ఆలస్యమైతే డిఫెండర్ తప్పించుకుంటాడు. పై నున్నవాడు బంతి అందుకునే క్షణానికి కింది వాడి పాదాలు కుదురుకుని ఉండాలి. అందుకే హై పోస్ట్‌లో ఉన్నవాడు బంతి పట్టుకోగానే ముందు రింగు కిందికి చూడాలని కోచ్‌లు పదేపదే చెబుతారు. తన షాట్ సంగతి ఆ తర్వాతే.

కాలేజీ ఆటకు ఈ పద్ధతి ఎందుకు అతికిందో కోర్టు కొలతల్లో కూడా కనిపిస్తుంది. ప్రొఫెషనల్ ఎన్‌బీఏలో పెయింట్ వెడల్పు 16 అడుగులు. కాలేజీలో 12 అడుగులే. అంటే లో పోస్ట్‌లో బంతి అందుకున్నవాడు రింగుకు అంత దగ్గరగా ఉంటాడు. పైగా, డిఫెండర్ ఎవరినీ కాయకుండా పెయింట్‌లో ఊరికే నిలబడకూడదన్న ఎన్‌బీఏ నిబంధన కాలేజీ ఆటలో లేదు. అక్కడ పొడవాటి డిఫెండర్ రింగు కింద తిష్ట వేసుకుని ఉండొచ్చు. అతన్ని బయటికి లాగే ఉపాయం ఉన్న జట్టుకే లోపల చోటు దొరుకుతుంది.

డీన్ స్మిత్ దీన్ని నిలబడి ఆడే ఆటగా వదిలేయలేదు, పరుగులో పెట్టాడు. సెకండరీ బ్రేక్ అనే ఎత్తుగడలో, బంతి చేతికి రాగానే ఒక పొడగరి వెనక్కి చూడకుండా అవతలి రింగు ముందుకు పరుగెడతాడు. రెండోవాడు కాస్త వెనకగా వచ్చి పైన ఆగుతాడు. డిఫెన్స్ ఇంకా సర్దుకోకముందే బంతి అతని మీదుగా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మారుతుంది. ఈలోగా ముందు చేరినవాడు కింద సీల్ చేసి సిద్ధంగా ఉంటాడు. అది కుదరకపోతే, పైన ఆగినవాడే, సహచరుడు డిఫెండర్‌కు అడ్డంగా నిలబడి పెట్టిన స్క్రీన్‌ను వాడుకుని రింగు వైపు దూకుతాడు, గాల్లోకి లేచిన బంతిని అక్కడే అందుకుంటాడు. రాయ్ విలియమ్స్ జట్ల వేగానికి మూలం ఈ పొడగరుల పరుగే. 2005 ఫైనల్లో ఇలినాయ్ మీద 26 పాయింట్లు చేసిన షాన్ మే భారీ మనిషి. అంతటివాడు కూడా ప్రతిసారీ రింగు నుంచి రింగుకు పరుగెత్తాల్సిందే.

కాన్సస్‌లో ఈ విద్యను బిల్ సెల్ఫ్ ఇంకో దారిలో పండించాడు. 2003లో రాయ్ విలియమ్స్ వదిలి వెళ్లిన అక్కడి కోచ్ కుర్చీలోకి వచ్చినవాడీయన. కుర్రతనంలో అదే కాన్సస్‌లో, స్మిత్ శిష్యుడు లారీ బ్రౌన్ దగ్గర అసిస్టెంటుగా చేశాడు. ఆయన హై-లోకు అచ్చమైన నమూనా మోరిస్ కవలలు. మార్కస్, మార్కీఫ్ ఇద్దరూ పైనా ఆడగలరు, కిందా ఆడగలరు. ఈ క్షణం పైన ఉన్నవాడు మరుక్షణం కింద ఉంటాడు. డిఫెండర్లు ఎవరి పని ఎవరిదో తేల్చుకునేలోపు పాస్ వెళ్లిపోయేది. ఆ జోడీ చివరి సీజన్ 2010-11లో కాన్సస్ 35 మ్యాచ్‌లు గెలిచి మూడే ఓడింది. ఆ ఏడాది ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో కవలలిద్దరూ 13, 14 స్థానాల్లో ఒకరి వెంట ఒకరు ఎంపికయ్యారు.

పొడవు ఒక్కటే చాలనుకుంటే పొరపాటు. జోడెద్దుల్లో ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ లాగితే సాలు వంకర పోయినట్టు, ఒకరి చూపు ఒకరికి తెలియని ఇద్దరు పొడగరులు ఒకరి దారికి ఒకరు అడ్డమే అవుతారు. ఇద్దరూ రింగు కిందికే చేరితే వాళ్ల వెంట ఇద్దరు పొడవాటి డిఫెండర్లు కూడా చేరతారు. లోపల గార్డుకు కాలు పెట్టే జాగా ఉండదు. ఈ పద్ధతి విఫలమైన చోటల్లా కారణం చాలావరకు ఇదే.

దీనికి పూర్తి విరుద్ధంగా ఆడినవాళ్లు ఫ్లోరిడా జట్టులోని జోకిమ్ నోవా, ఆల్ హోర్‌ఫర్డ్. కాలేజీ ఆటలో ఈ తరం చూసిన అత్యుత్తమ జోడీ వాళ్లదే అనడానికి సందేహం అక్కర్లేదు. టెన్నిస్ ఆటగాడు యానిక్ నోవా కొడుకు ఒకడు, ఎన్‌బీఏలో ఆడిన టీటో హోర్‌ఫర్డ్ కొడుకు ఇంకొకడు. ఇద్దరూ ఒకే ఏడాది కాలేజీలో చేరి, ఒకే చోట కలిసి ఉండి, కలిసి సాధన చేశారు. 2006 ఫైనల్లో యూసీఎల్‌ఏను 73-57తో ఓడించిన రాత్రి నోవా 16 పాయింట్లు, 9 రీబౌండ్లు, 6 బ్లాకులు చేశాడు. డబ్బు, పేరు పిలుస్తున్నా డ్రాఫ్ట్‌కు వెళ్లకుండా ఇద్దరూ ఇంకో ఏడాది ఉండిపోయారు. 2007లో ఒహాయో స్టేట్ తరఫున గ్రెగ్ ఓడెన్ ఒక్కడే 25 పాయింట్లు, 12 రీబౌండ్లు చేశాడు. అయినా ఫ్లోరిడా 84-75తో మళ్లీ గెలిచింది. ఎత్తయినవాడు ఒక్కడుండటానికీ, ఒకరి ఆట ఒకరు ఎరిగిన ఇద్దరుండటానికీ ఉన్న తేడా ఆ స్కోరులోనే ఉంది.

ఇక రీబౌండ్. పక్క నుంచి వేసిన షాట్ తప్పితే బంతి ఎక్కువగా ఎదురు పక్కనే పడుతుంది. ఒక పొడగరి షాట్ వేస్తున్నప్పుడు ఇద్దరు ముగ్గురు డిఫెండర్లు అతని మీదికే ఎగబడతారు. అప్పుడు ఎదురు పక్క ఉన్న రెండో పొడగరిని కాసేందుకు పొట్టి గార్డు ఒకడే మిగులుతాడు. తప్పిన షాటే ఒక పాస్‌లా పనిచేస్తుంది. 27లో నాలుగే పడినా కరోలినా బతికి బట్టకట్టడంలో దీనికీ వాటా ఉంది.

మరి ఇంత మంచి పద్ధతి ఎందుకు వెనకబడింది? 1986-87లో కాలేజీ ఆటంతటికీ 19 అడుగుల 9 అంగుళాల దూరంలో మూడు పాయింట్ల గీత వచ్చింది. షాట్ వేయడానికి ఇచ్చే గడువు 45 సెకన్ల నుంచి 35కు, 2015-16లో 30కి తగ్గింది. పోస్ట్‌లోకి ఓపిగ్గా బంతి చేర్చే తీరిక పోయింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ అవతలి రింగు దగ్గర తగిలింది. ఎదుటి జట్టు గీత బయటి నుంచి వేయగల నలుగురిని దింపితే, మన రెండో పొడగరి వాళ్ల వెంట గీత దాకా పరుగెత్తలేడు. చివరికి బిల్ సెల్ఫ్ కూడా 2016-17లో జోష్ జాక్సన్ అనే చురుకైన కుర్రాణ్ని రెండో పొడగరి స్థానంలో నిలిపి, నలుగురు చిన్నవాళ్లతో ఆడించడం మొదలుపెట్టాడు. 2018 సెమీఫైనల్లో విల్లనోవా అదే కాన్సస్ మీద 18 త్రీ పాయింటర్లు వేసి 95-79తో గెలిచింది. ఇద్దరు పొడగరుల ఆటకు కాలం చెల్లిందని అప్పుడు చాలామంది తీర్పు చెప్పేశారు.

ఆ తీర్పు తొందరపాటని 2025 నిరూపించింది. ఆ ఏడాది సాన్ ఆంటోనియో ఫైనల్లో ఫ్లోరిడా, హ్యూస్టన్ రెండూ ఇద్దరేసి లోపలి ఆటగాళ్లతోనే మ్యాచ్ మొదలుపెట్టాయి. ఫ్లోరిడాకు ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి వచ్చిన అలెక్స్ కాండన్, నైజీరియా కుర్రాడు రూబెన్ చిన్యేలు. బెంచి మీద థామస్ హా, ఏడడుగులు దాటిన మైకా హాండ్లాగ్టెన్. 12 పాయింట్లు వెనకబడి కూడా ఫ్లోరిడా 65-63తో గెలిచింది. చివరి సెకన్లలో నేల మీద పడిన బంతి మీదికి దూకి దాన్ని కాపాడింది కాండనే.

అదే సీజన్లో మిషిగన్ చేసిన ప్రయోగం ఇంకా సాహసం. ఏడడుగుల డానీ వుల్ఫ్ చేతికి గార్డులా బంతి ఇచ్చారు. ఏడడుగుల ఒక అంగుళం ఉన్న వ్లాదిస్లావ్ గోల్డిన్ వచ్చి అతనికి స్క్రీన్ పెట్టేవాడు. వాళ్లను కాసే ఎదుటి పొడగరులిద్దరూ గీత దగ్గరికి రాక తప్పదు. రింగు దగ్గర ఇక చిన్నవాళ్లే మిగులుతారు. వుల్ఫ్ పాస్ ఇస్తే గోల్డిన్‌కు అడ్డు ఉండదు. స్మిత్ నాటి హై-లో చేసిన పనే ఇది. హై పోస్ట్ ఫ్రీ త్రో గీత నుంచి మూడు పాయింట్ల గీతకు జరిగిందంతే. ముందు ఏడాది 8 గెలిచి 24 ఓడిన జట్టు, కొత్త కోచ్ డస్టీ మే కింద 27 మ్యాచ్‌లు గెలిచింది, తన లీగ్ అయిన బిగ్ టెన్ టోర్నమెంటునూ సొంతం చేసుకుంది.

వుల్ఫ్, గోల్డిన్ కలిసి ఆడింది ఆ ఒక్క సీజనే. ఏటా కాలేజీలు మారే వీలున్న ఈ రోజుల్లో నోవా, హోర్‌ఫర్డ్‌లంత కాలం ఒక జోడీ కలిసి ఉండటం కష్టమే. కానీ డబ్బు ఇప్పుడు ఇంకో వైపూ లాగుతోంది. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలు ఆటగాళ్లకు నేరుగా చెల్లించవచ్చు. దూరం నుంచి గురి అంతగా లేని పొడగరికి ఎన్‌బీఏ పెద్దగా ఆసక్తి చూపకపోవచ్చు, కాలేజీ మాత్రం అతనికి మంచి విలువ కడుతుంది. ఆ వేసవిలో ఫ్లోరిడా గార్డులు వాల్టర్ క్లేటన్, అలైజా మార్టిన్, విల్ రిచర్డ్ ముగ్గురూ డ్రాఫ్ట్‌లో ఎంపికై వెళ్లిపోయారు. కాండన్, చిన్యేలు, హా, హాండ్లాగ్టెన్ నలుగురూ మరో సీజన్ కోసం ఫ్లోరిడా యూనివర్సిటీ ఉన్న గైన్స్‌విల్‌కే తిరిగొచ్చారు.