ఎదురుగా ఒక పృచ్ఛకుడు

మొన్న ఆదివారం మా ఊళ్ళో అష్టావధానం పెట్టారు. సమస్యాపూరణం, దత్తపది, వర్ణన, అన్నీ బాగున్నాయి గానీ నా కళ్ళు మాత్రం నిషిద్ధాక్షరి పృచ్ఛకుడి మీదే ఉన్నాయి. అవధాని 'శ్రీ' అన్నారో లేదో 'ర వద్దు' అన్నాడాయన. రాముడి దారి మూసుకుపోయింది. అవధాని 'కం' అన్నారు. శ్రీకంఠుడు రాబోతున్నాడని పసిగట్టి 'ఠ వద్దు' అన్నాడు. అవధాని ఒక్క క్షణం కళ్ళు మూసుకుని ఇంకో అక్షరం అందుకున్నారు. అడ్డుపడిన కొద్దీ పద్యం బిగిసిందే తప్ప పాడవలేదు. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు ఆ సంతోషంలోనే ఉన్నాను.

రాసే చెయ్యి మొద్దుబారకుండా ఏం చేయాలని అడిగే కుర్రాళ్ళకు ఇకమీదట ఇదే చెప్పాలనుకున్నాను. వచనానికీ నిషేధం పెట్టుకోండి. 'జరిగింది' మీద నా కోపం ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్త కాదు. ముందు దాన్నే వెళ్ళగొట్టండి. 'మా వీధిలో రోడ్డు మరమ్మతు పనులు ప్రారంభించడం జరిగింది' అన్న వాక్యం తీసుకోండి. 'జరిగింది' వద్దంటే, 'మా వీధిలో రోడ్డు పని మొదలుపెట్టారు' అవుతుంది. ఇప్పుడు 'పని', 'మొదలు' కూడా వద్దనండి. 'పొద్దున్నే మా వీధిలో గునపాలు దిగాయి.' మూడో వాక్యానికి వచ్చేసరికి వీధి కనిపిస్తోంది, చప్పుడు వినిపిస్తోంది. రోజూ పేపర్లో ఒక వార్త తీసుకుని ఇలా మూడుసార్లు తిరగరాస్తే చాలు, ఖర్చు లేని సాధన.

ఇక్కడిదాకా రాశాక మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడకు చదువు రాదు. బొంబాయిలో ఉన్న మా బాబాయికి ఉత్తరం రాయించాలంటే మా ఊరి పోస్టుమ్యాన్‌ని అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, చెప్పేది. ఆయనది ముత్యాల్లాంటి దస్తూరి. ఇన్‌లాండు కవరు మూడు మడతలూ నిండేలా రాసేవాడు. నాయనమ్మ మాత్రం రాసింది రాసినట్టు చదివించుకోనిదే కవరు అంటించనిచ్చేది కాదు.

"వర్షాభావము వలన పైరు దెబ్బతిన్నది" అని చదివాడాయన ఒకసారి.

"నేనట్లా అన్నానా అబ్బాయ్?"

"అదేగా మామ్మగారూ మీరు చెప్పింది."

"వాన మొగం చూసి నెల దాటింది, చేను నెర్రెలిచ్చింది అన్నాను. అదే రాయి. నా మాట రాస్తే వాడు వస్తాడు. నీ మాట రాస్తే జవాబు రాస్తాడు."

ఆయన నొచ్చుకోలేదు. కొట్టేసి, పక్కనున్న ఖాళీలో సన్నటి అక్షరాలతో మళ్ళీ రాశాడు. కొన్నాళ్ళకు ఊళ్ళో ఎవరికి ఉత్తరం రాసినా, చెప్పేవాళ్ళ నోటి మాట అలాగే దింపేవాడు. మా బాబాయి తనకొచ్చిన ఉత్తరాలన్నీ దాచుకున్నాడు. ఇప్పుడు తీసి చదివితే నాయనమ్మ గొంతే వినిపిస్తుంది.

ఆ పోస్టుమ్యాన్ ఒంటరిగా గదిలో కూర్చుని ఏ అభ్యాసమూ చేయలేదు. ఆయన ఎదుట నాయనమ్మ ఉంది. అవధాని ఎదుట పృచ్ఛకుడు ఉన్నాడు. నాకు నేనే నిషేధం పెట్టుకుంటే, నాకు చేతనైన మాటల్ని వదిలి చేతకాని వాటినే నిషేధిస్తాను. ఇబ్బంది ఎక్కడుందో ఎదుటివాడికే తెలుస్తుంది. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి తర్వాతి రోజుల్లో 'కథలు-గాథలు' వచనంలో రాశారు. ఎన్నో అవధాన సభల్లో ఎదుటివాళ్ళ అడ్డుప్రశ్నలకు నిలబడి జవాబు చెప్పిన మనిషి కనుకే, ఆ వచనం మన పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంటుందని నా నమ్మకం.

అందుకని పైన చెప్పిన సాధనను కొంచెం మారుస్తున్నాను. వార్త మీరు ఎంచుకోండి, వద్దనే మాటలు మాత్రం ఇంట్లో ఇంకొకరిని చెప్పమనండి. అమ్మ అయితే మరీ మంచిది. రాసింది గట్టిగా చదివి వినిపించండి. 'నువ్విట్లా మాట్లాడతావా?' అని ఆవిడ ఆపిన ప్రతిచోటా కొట్టేసి మళ్ళీ రాయండి.

ఇంట్లో ఎవరూ లేనివాళ్ళకు ఈ వారం పృచ్ఛకుణ్ణి నేనే. మీ ఊరి రైతుబజారు గురించి పోస్టుకార్డు మీద పట్టేంత రాసి పంపండి. 'జరిగింది', 'చాలా', 'రద్దీ', 'సందడి' వద్దు.